స్విచ్చు మీది రాతల గురించి: తయారీదారులకు, కేటలాగులు రాసేవారికి, ప్రమాణాల కమిటీలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

లేబుల్ మీది రాతలో రెండు జతల బ్రాకెట్లు రాలిపోయినందువల్ల మా వర్క్‌షాపులో ఒక వించ్ (బరువులెత్తే యంత్రం) తాడు తెగింది. ఈ ఉత్తరం అక్కణ్నుంచే మొదలుపెడతాను.

అది 12 వోల్టుల డీసీ మోటారుతో నడిచే చిన్న వించ్. ఎత్తడానికీ దించడానికీ ఒకటే టాగిల్ స్విచ్చు. లివర్ పైకి పట్టుకుంటే కొక్కెం పైకి పోతుంది, కిందికి పట్టుకుంటే కిందికి వస్తుంది. చెయ్యి వదిలితే లివర్ దానంతటదే మధ్యకి వచ్చి మోటారు ఆగిపోవాలి. పాత స్విచ్చు కాంటాక్టులు కాలిపోతే కొత్తది తెప్పించాం. ప్లాస్టిక్ సంచీ మీద ఇలా ఉంది: ‘డీపీడీటీ, 3 పొజిషన్, ఆన్-ఆఫ్-ఆన్’. డీపీడీటీ అంటే డబుల్ పోల్ డబుల్ త్రో, దాని సంగతి కింద చెబుతాను. పాతదీ డీపీడీటీయే, దానికీ మూడు స్థానాలే. ఆరు కాళ్లు, అదే సైజు బెజ్జం. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు వైర్లు ఒక్కొక్కటే విప్పి, అదే వరసలో కొత్తదానికి టంకం పెట్టాడు. లివర్ పైకి నెట్టి, కొక్కెం కదలగానే చెయ్యి తీసేశాడు.

లివర్ వెనక్కి రాలేదు. వాడికి అది అర్థమయ్యేలోపే కొక్కెం పైనున్న కప్పీకి తగులుకుంది. మోటారు మూలుగుతోంది, తాడు పోగులు ఒక్కొక్కటే పుటుక్కుమంటున్నాయి. నేను పరుగెత్తి బ్యాటరీ క్లిప్పు లాగేశాను. కొక్కానికి బరువేమీ తగిలించలేదు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సాయంత్రం కూర్చుని తయారీదారు కేటలాగు తీసి చూశాను. అందులో పక్కపక్క వరుసల్లో రెండు స్విచ్చులున్నాయి. ఒకటి ఆన్-ఆఫ్-ఆన్, రెండోది (ఆన్)-ఆఫ్-(ఆన్). మాకు కావలసింది రెండోది. కేటలాగులో ఉన్న బ్రాకెట్లు అమ్మకపు పట్టికలోకి వచ్చేసరికి పోయాయి, సంచీ మీదా లేవు. గుణంలో పూర్తిగా వేరైన రెండు స్విచ్చులు ఒకే పేరుతో మా ముందుకొచ్చాయి. చేత్తో ఒకసారి నెట్టి చూసుంటే స్ప్రింగు లేదని తెలిసేది. చూడకపోవడం నా తప్పు, దాన్ని మీ మీద తొయ్యను. కానీ చేత్తో నెట్టి చూస్తే తప్ప తెలియని సంగతి లేబుల్ మీద లేకపోతే, ఆ లేబుల్ దేనికి?

స్విచ్చుల రాతల్లో బ్రాకెట్ అంటే ‘పట్టుకున్నంతసేపే’ అని అర్థం. చెయ్యి తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి తెస్తుంది. బ్రాకెట్ లేకపోతే ‘ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది’ అని. మనుషుల చేతివేళ్లకీ నడిచే యంత్రానికీ మధ్య ఉన్న తేడా ఇదే. ఇంత పెద్ద అర్థాన్ని మీరు రెండు వంకర గీతలకి అప్పగించారు. కంప్యూటర్ పట్టికలో ఒక గడి నుంచి ఇంకో గడికి మారేటప్పుడు అన్నిటికంటే ముందు రాలిపోయేవి ఇలాంటి గుర్తులే. పోనీ బ్రాకెట్‌కి ఒకే అర్థం ఉందా అంటే అదీ లేదు. అదే స్విచ్చు పక్కన ‘10(4) ఆంపియర్లు, 250 వోల్టులు’ అని ఉంటే ఇక్కడి బ్రాకెట్‌కి స్ప్రింగుతో సంబంధం లేదు. హీటరు లాంటి నిరోధక లోడైతే 10 ఆంపియర్ల దాకా, మోటారైతే 4 ఆంపియర్ల దాకానే అని చెప్పడం అది. కొత్తగా నేర్చుకునేవాడు ఈ రెండు బ్రాకెట్లనీ ఒకే స్విచ్చు మీద చూస్తాడు. ఎవరూ విడమరిచి చెప్పరు.

మీ లేబుళ్లు చదివేవాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగు పుస్తకం తెరిచి కూర్చున్నవాళ్లు కారు. స్టూలు మీద నిలబడి, నోట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఒక చేత్తో టార్చి వేసుకుని చదువుతారు. పక్కవాడు చెప్పగా విని నేర్చుకున్న పని వాళ్లది. వాళ్లని దృష్టిలో పెట్టుకుని ఈ రాతల్లో చిక్కు ఎక్కడెక్కడ ఉందో రాస్తున్నాను.

పేర్లతో మొదలుపెడతాను. పోల్, త్రో అనే రెండు మాటలు చాలా మంచి మాటలు. వెనకటి నైఫ్ స్విచ్చు చూసినవాళ్లకి అవి వెంటనే బోధపడతాయి. పలక మీద రాగి కత్తి, దానికి పిడి. కత్తి వెళ్లి దవడలాంటి క్లిప్పులో దిగితే కరెంటు పారుతుంది. ఒకటే కత్తి ఉంటే సింగిల్ పోల్. ఒకే పిడికి రెండు కత్తులు, మధ్యలో కరెంటు పారని బద్ద ఉంటే డబుల్ పోల్. కత్తిని ఒక వైపే పడెయ్యగలిగితే సింగిల్ త్రో. ఇటూ అటూ రెండు వైపులా క్లిప్పులుండి ఎటైనా పడెయ్యగలిగితే డబుల్ త్రో. ఎస్‌పీఎస్‌టీ, ఎస్‌పీడీటీ, డీపీఎస్‌టీ, డీపీడీటీ నాలుగూ ఇక్కణ్నుంచి వచ్చినవే. పోల్ అంటే ఒకేసారి కదిలే వేర్వేరు దారులెన్ని, త్రో అంటే ఒక్కో దారి ఎన్ని చోట్లకి పోగలదు. నేను కొత్తవాళ్లకి ఇది చెప్పేటప్పుడు పాత నైఫ్ స్విచ్చొకటి బల్ల మీద పెట్టి, వాళ్ల చేతే ఇటూ అటూ వేయిస్తాను. దాని తర్వాత ఆ నాలుగు పేర్లూ ఎవరూ మరిచిపోగా నేను చూడలేదు.

చిక్కంతా ‘వే’ అనే మాటతో వస్తుంది. మెట్ల దగ్గర కింద ఒకటి, పైన ఒకటి పెట్టే స్విచ్చుంది కదా, దాన్ని బ్రిటిష్ పద్ధతిలో టూ వే అంటారు. ఉమ్మడి కాలు (కామన్) నుంచి రెండు దారులు కాబట్టి. అచ్చంగా అదే స్విచ్చుని అమెరికన్ పద్ధతిలో త్రీ వే అంటారు. దానికి మూడు స్క్రూలుంటాయి. రెండు పేర్లకీ ఒకటే వస్తువు: ఎస్‌పీడీటీ. మూడో చోటు నుంచి కూడా అదే లైటు వెయ్యాలంటే మధ్యలో పెట్టేదాన్ని ఒకరు ఇంటర్మీడియట్ అంటారు, ఇంకొకరు ఫోర్ వే అంటారు. ఇక గుండీ తిప్పే రోటరీ స్విచ్చుల కేటలాగు తెరిస్తే ‘4 పోల్ 3 వే’ అని ఉంటుంది. అక్కడ వే అంటే మళ్లీ ఇంకో అర్థం: గుండీ ఎన్ని చోట్ల నిలుస్తుందో ఆ లెక్క. అంటే ‘త్రీ వే స్విచ్చు’ అన్న ఒక్క మాటకి మెట్ల దీపం స్విచ్చూ రావచ్చు, మూడు స్థానాల సెలెక్టరూ రావచ్చు. దీనికి తోడు గ్యాంగ్. ఒక ప్లేటు మీద ఎన్ని స్విచ్చులున్నాయో చెప్పే మాట అది. టూ గ్యాంగ్ వన్ వే అంటే వేర్వేరు మీటలతో రెండు మామూలు స్విచ్చులు, డబుల్ పోల్ అంటే ఒకే మీటతో ఫేజూ న్యూట్రలూ రెండూ తెగడం. ‘రెండు’ అన్న మాట వినబడగానే ఈ రెంటినీ కలిపేసుకునేవాళ్లని ఎంతమందినో చూశాను. టూ గ్యాంగ్ తెచ్చి డబుల్ పోల్ పెట్టామనుకుంటే, ఆఫ్ చేసిన తర్వాత కూడా లోపల వైరులో కరెంటు మిగిలి ఉండొచ్చు.

ప్రమాణాల కమిటీలవారికి ఇక్కడ ఒక మాట. మీరు దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. గోడ స్విచ్చుల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60669-1లో ప్రతి రకానికీ ఒక నంబరుంది. మామూలు సింగిల్ పోల్‌కి 1, డబుల్ పోల్‌కి 2, టూ వేకి 6, ఇంటర్మీడియట్‌కి 7. ఏ భాషవాడైనా, ఏ పద్ధతివాడైనా 6 అంటే 6. కానీ ఈ నంబరు పెట్టె మీద పెద్దగా అచ్చేసి ఉండటం ఎంత అరుదు! ఉన్నా, దాని అర్థం దుకాణంలో కూర్చున్నవాళ్లకి చెప్పినవారు లేరు. టూ వే, త్రీ వే, ఎస్‌పీడీటీ, 6 ఈ నాలుగు పేర్లూ ఒకే లేబుల్ మీద పక్కపక్కన వేస్తే పట్టే చోటెంత? ఒక్క వరస.

పేరు సరిగ్గా దొరికాక కూడా టెర్మినళ్ల దగ్గర ఇంకో ఇబ్బంది. టూ వే స్విచ్చుకి కొందరు కామ్ (అంటే కామన్), ఎల్1, ఎల్2 అని రాస్తారు. కొందరు 1, 2, 3 అని రాసి, వాటిలో కామన్ ఏదో చెప్పరు. కొందరు కామన్ స్క్రూకి నల్లరంగు వేసి ఊరుకుంటారు. కామన్‌నీ ఎల్1నీ తారుమారు చేస్తే ఫ్యూజు ఎగరదు, పొగ రాదు. లైటు వెలుగుతుంది కూడా. కాకపోతే ‘పైన ఆపితే కింద వెలగట్లేదండీ’ అని మర్నాడు ఫోన్ వస్తుంది. ఇది నేను నా పనిలో అన్నిటికంటే ఎక్కువసార్లు సరిచేసిన తప్పు. చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల చేతికొచ్చిన స్విచ్చు మీద మూడు అంకెలే తప్ప మాట లేదు.

ఇప్పుడు ఎన్‌ఓ, ఎన్‌సీ సంగతి. నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్. ఈ రెండు మాటల మీద నేను గడిపినన్ని గంటలు ఇంకే మాట మీదా గడపలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మొదటి చిక్కు ఓపెన్ అనే మాటలో ఉంది. కుళాయి విప్పితే నీళ్లొస్తాయి. అదే సర్క్యూట్ ఓపెన్ అయితే కరెంటు ఆగిపోతుంది. కాబట్టి పాఠ్యపుస్తకాల్లో ‘తెరిచిన వలయం’, ‘మూసిన వలయం’ అని రాస్తే పిల్లలు మనసులో కుళాయినే ఊహించుకుని తలకిందులుగా నేర్చుకుంటారు. కానీ మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో ఈ చిక్కు లేనే లేదు. తలుపు తియ్యి అంటే తెరవమని, లైటు తీసెయ్యి అంటే ఆర్పమని. తలుపు వెయ్యి అంటే మూయమని, లైటు వెయ్యి అంటే వెలిగించమని. తీయడం, వేయడం అనే ఈ రెండు క్రియలూ తలుపుకీ దీపానికీ ఒకేసారి సరిపోయాయి. కాంటాక్టు తీసి ఉంటే ఓపెన్, లైటూ తీసి ఉన్నట్టే. కాంటాక్టు వేసి ఉంటే క్లోజ్డ్, లైటూ వేసి ఉన్నట్టే. ఈ పోలిక తోచిన రోజు నుంచి నేను తెరవడం, మూయడం అనే మాటలు మానేశాను. ఎన్‌ఓ అంటే ‘ముట్టుకోనప్పుడు తీసి ఉండేది’, ఎన్‌సీ అంటే ‘ముట్టుకోనప్పుడు వేసి ఉండేది’. ఒక్కసారి చెబితే చాలు. ఫ్యాను కట్టెయ్యి, లైటు కట్టెయ్యి అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటని పాఠం చెప్పేటప్పుడు మాత్రం వాడను, ఎందుకంటే అది మళ్లీ కుళాయి దగ్గరికి తీసుకుపోతుంది. తెలుగులో సాంకేతిక పుస్తకాలు రాసేవారికి నా విన్నపం ఇది: సంస్కృతం నుంచి కొత్త మాటలు కట్టే ముందు వంటింట్లో వినబడే ఈ రెండు క్రియల్ని ఒకసారి వాడి చూడండి.

రెండో చిక్కు నార్మల్లీలో ఉంది. అందరూ దాన్ని ‘మామూలుగా, రోజూ’ అని అర్థం చేసుకుంటారు. స్విచ్చు తయారీదారుకి నార్మల్ అంటే రోజూ ఉండే స్థితి కాదు. స్విచ్చుని ఎవరూ నొక్కకుండా, ఏదీ తగలకుండా, దాని స్ప్రింగు దాన్ని ఎక్కడ ఉంచితే అది. ఫ్రిజ్ తలుపు స్విచ్చునే చూడండి. తలుపు వేసి ఉన్నంతసేపూ దాని మొన లోపలికి నొక్కుకుని ఉంటుంది. తలుపు తీస్తే మొన బయటికొస్తుంది, కాంటాక్టు కలుస్తుంది, దీపం వెలుగుతుంది. మొన బయట ఉన్నప్పుడు కలిసే కాంటాక్టు కాబట్టి దాని పేరు నార్మల్లీ క్లోజ్డ్. కానీ ఆ ఫ్రిజ్ తలుపు రోజంతా వేసే ఉంటుంది, కాంటాక్టు రోజంతా తీసే ఉంటుంది! రోజుకి ఇరవై మూడు గంటలకి పైగా తీసి ఉండే కాంటాక్టుని ‘నార్మల్లీ క్లోజ్డ్’ అని పిలుస్తున్నాం. మెకానిక్‌గా కొత్తగా చేరినవాడు తలుపు వేసి ఉన్నప్పటి స్థితి చూసి ఎన్‌ఓ కొనుక్కొస్తే, ఆ దీపం తలుపు వెయ్యగానే వెలుగుతుంది, తియ్యగానే ఆరిపోతుంది. ‘నొక్కనప్పుడు’ అనే ఒక్క మాట స్విచ్చు పక్కన ఉంటే ఈ తిరకాసు ఉండదు.

కంట్రోల్ ప్యానెళ్లలో వాడే కాంటాక్టులకి మాత్రం మీరు చాలా చక్కటి ఏర్పాటు చేశారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. రెండంకెల నంబర్లు. చివరి అంకె 1, 2 అయితే ఎన్‌సీ. 3, 4 అయితే ఎన్‌ఓ. మొదటి అంకె ఎన్నో కాంటాక్టో చెబుతుంది. 13-14 అంటే మొదటి కాంటాక్టు, ఎన్‌ఓ. 21-22 అంటే రెండోది, ఎన్‌సీ. ఇటూ అటూ మారే ఛేంజ్‌ఓవర్ కాంటాక్టు అయితే 11-12-14: ఇందులో 11 కామన్, 12 ఎన్‌సీ వైపు, 14 ఎన్‌ఓ వైపు. కాంటాక్టుల్ని లాగే కాయిల్‌కి ఏ1, ఏ2. దీపం లేని మూల చెయ్యి పెట్టి, సెల్‌ఫోన్ వెలుతురులో 21 అన్న అంకె కనబడితే చాలు, మల్టీమీటర్ పెట్టకుండానే అది ఎన్‌సీ అని తెలిసిపోతుంది. ఆపత్కాలంలో నొక్కే ఎర్ర బటన్ వెనక ఎప్పుడూ ఈ 1-2 జతే ఉండాలని, వైరు తెగినా యంత్రం ఆగి తీరాలని, అందుకే అక్కడ ఎన్‌ఓ పెట్టకూడదని నేను నేర్పేది కూడా ఈ నంబర్ల మీదే. ఇదే క్రమశిక్షణ చిన్న టాగిల్ స్విచ్చులకీ, ఇటో అటో నొక్కే రాకర్ స్విచ్చులకీ ఎందుకు రాలేదన్నదే నా బాధ.

స్థానాల రాతలు ఇంకో లోకం.

నిలువు గీత ఆన్, సున్న ఆఫ్. ఐఈసీ 60417లో వాటి నంబర్లు 5007, 5008. భాష రానివాడికీ అర్థం కావాలని ఎంచుకున్న గుర్తులు. ద్వయాంక లెక్కల్లోని 1, 0 నుంచి వచ్చాయని చెబుతారు. అంతవరకు బాగానే ఉంది. పూర్తి సున్నలోపల గీత ఉంటే (5010) అదే బటన్ ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్. సున్న పైన తెగి, ఆ సందులోంచి గీత బయటికి వస్తే (5009) స్టాండ్‌బై, అంటే లోపల కొంత భాగానికి కరెంటు అందుతూనే ఉంటుంది. ఈ తెగిన సున్ననే ఐఈఈఈ 1621 ప్రమాణం మామూలు పవర్ గుర్తుగా తీసుకుంది. ఫలితం ఏమిటంటే జనానికి ఇప్పుడు ఆ గుర్తు కనబడితే ‘ఆఫ్ చేశాను’ అనే అనిపిస్తుంది. మూత విప్పి చెయ్యి పెట్టేవాడికి మాత్రం తెగిన సున్నకీ తెగని సున్నకీ మధ్య ప్రాణమంత తేడా ఉంది. ఆ సందు అర మిల్లీమీటరు కూడా లేకుండా అచ్చు వెయ్యడం మానండి.

రాకర్ స్విచ్చులో గీత ఉన్న వైపు నొక్కుకుని ఉంటే ఆన్. స్లైడ్ స్విచ్చులో కొన్నిసార్లు గుండీ జరిగాక బయటపడే రాత ఇప్పటి స్థితి, కొన్నిసార్లు గుండీ పోయి చేరిన వైపున్న రాత ఇప్పటి స్థితి. ‘ఇప్పుడు ఇలా ఉంది’ అంటున్నారా, ‘ఇటు జరిపితే ఇలా అవుతుంది’ అంటున్నారా? బోర్డుల మీద వరసగా ఉండే బుల్లి డిప్ స్విచ్చులైతే మరీ ఘోరం. ఒక రకం మీద ఒక అంచున ‘ఆన్’ అని ఉంటుంది. ఇంకో రకం మీద ఒక అంచున ‘ఓపెన్’ అని ఉంటుంది. ఓపెన్ అంటే ఆఫ్ అని ఇంతకుముందే చెప్పుకున్నాం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, రాత కూడా ఒకే చోట ఉంటుంది, అర్థం మాత్రం ఎదురెదురు. ఎనిమిది స్విచ్చుల్నీ తిరగేసి పెట్టి, యంత్రం చెడిపోయిందని బోర్డు మార్చేసిన సందర్భం నాకు తెలుసు.

రంగుల్లోనూ అంతే. పుష్ బటన్లలో ఎరుపు ఆపడానికి, ఆకుపచ్చ నడపడానికి. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే తెగే స్విచ్చు) మీద చిన్న కిటికీ ఉంటుంది. చాలావాటిలో అందులో ఎరుపు కనబడితే కాంటాక్టులు వేసి ఉన్నట్టు, ఆకుపచ్చ కనబడితే తీసి ఉన్నట్టు. రెంటికీ వాటి వాటి న్యాయం ఉంది. బటన్ ‘నన్ను నొక్కితే ఏమవుతుంది’ అని చెబుతోంది, కిటికీ ‘ముట్టుకుంటే ప్రమాదమా కాదా’ అని చెబుతోంది. కానీ ఒకే ప్యానెల్ ముందు నిలబడ్డ మనిషికి రెండూ ఒకేసారి కనబడతాయి. కిటికీలోని రంగు మీద గీతో సున్నో కూడా అచ్చేసి ఉన్న ఎంసీబీలున్నాయి. అందరూ అలా చేస్తే చాలు.

ఇక పైకి, కిందికి. బ్రిటిష్ పద్ధతి గోడ స్విచ్చు కిందికి నొక్కితే ఆన్, అమెరికన్ పద్ధతిలో పైకెత్తితే ఆన్. ఇది కనీసం కంటికి కనబడే తేడా. టాగిల్ స్విచ్చులో కనబడనిది ఒకటుంది. లివర్ మధ్యలో ఇరుసు మీద నిలబడి, పిల్లలాడే ఊగే బల్లలా తిరుగుతుంది. పైన మన వేలు లివర్‌ని ఎడమకి నెడితే లోపలి కొస కుడికి పోతుంది. అంటే ఆరు కాళ్ల టాగిల్‌లో లివర్ 1, 4 కాళ్ల వైపు వంగి ఉంటే, సాధారణంగా లోపల కలిసేవి 2-3, 5-6. లివర్ ఎటు చూస్తోందో దానికి ఎదురు వైపు కాళ్లు కలుస్తాయి. స్లైడ్ స్విచ్చులో ఇలా కాదు, గుండీ ఎటు జరిగితే ఆ వైపు కాళ్లే కలుస్తాయి. రెండు స్విచ్చులూ డీపీడీటీ ఆన్-ఆన్, కాళ్ల నంబర్లూ ఒకటే. ఒకదాని స్థానంలో ఇంకోటి పెడితే మోటారు వెనక్కి తిరుగుతుంది. నంబర్లు చెక్కి ఊరుకోవడం చాలదని నేననేది ఇందుకే. లివర్ ఏ వైపున్నప్పుడు ఏ కాళ్లు కలుస్తాయో చెప్పాలి, ఆ ‘వైపు’ తెలియడానికి స్విచ్చు మీద చెరగని గుర్తొకటి ఉండాలి. మెడ దగ్గర చిన్న గాడి చాలావాటికి ఉండనే ఉంది. ‘గాడి వైపు’ అని రాయండి.

మూడు స్థానాల డీపీడీటీ ఆన్-ఆన్-ఆన్ స్విచ్చుకైతే ఈ సాయం లేకుండా ఎవరూ వైరు కట్టలేరు. మధ్య స్థానంలో ఒక పోల్ ఒక వైపు, రెండో పోల్ ఎదురు వైపు కలుస్తాయి. ఏ పోల్ ఎటు అన్నది తయారీని బట్టి మారుతుంది. 2-3, 5-4 కలిసేవి ఉన్నాయి, 2-1, 5-6 కలిసేవీ ఉన్నాయి. రెంటి పేరూ ఆన్-ఆన్-ఆన్! ఆ మధ్య ‘ఆన్’ దేనికి ఆన్?

రోటరీ స్విచ్చుల్లో ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు పాతది వదిలాక కొత్తది పట్టుకుంటుందా, కొత్తది పట్టుకున్నాకే పాతది వదులుతుందా అన్నది కూడా పెట్టె మీదే ఉండాలి. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి (కొలవడానికి పెద్ద కరెంటుని తగ్గించి ఇచ్చేది) పెట్టిన అమ్మీటర్ సెలెక్టర్ క్షణం పాటు కూడా వదలకూడదు. వదిలితే సెకండరీ కొసల మీద ప్రమాదకరమైన వోల్టేజి పుడుతుంది. రెండు సరఫరాల మధ్య మార్చే స్విచ్చు క్షణం పాటు కూడా రెంటినీ కలపకూడదు. కేటలాగులో షార్టింగ్ (పట్టుకున్నాకే వదిలేది), నాన్ షార్టింగ్ (వదిలాక పట్టుకునేది) అని ఏదో మూల ఉంటుంది.

రేటింగుల గురించి క్లుప్తంగానే చెబుతాను. 250 వోల్టుల ఏసీకి సరిపోయే స్విచ్చు అంత డీసీకి సరిపోదు. 50 హెర్ట్‌జ్ ఏసీ సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, కాంటాక్టుల మధ్య పుట్టిన మంట అప్పుడు ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు. ఏసీ అని చెప్పే వంకర గీతనీ, డీసీ అని చెప్పే తిన్నటి గీతనీ అంత చిన్నగా వేస్తే వయసు మళ్లినవాళ్ల కళ్లకి రెండూ ఒకటే. టీ85 అంటే చుట్టూ 85 డిగ్రీల వేడి దాకా, 5ఈ4 అంటే 50,000 సార్లు వేసి తీసేదాకా. మ్యూ అక్షరం ఉంటే కాంటాక్టుల మధ్య ఎడం 3 మిల్లీమీటర్లకన్నా తక్కువని, ఆ స్విచ్చు ఆపామని నమ్మి వైర్లు ముట్టుకోకూడదని. ఈ చివరిదాన్ని ఒక్క గ్రీకు అక్షరానికి అప్పగించడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

మీకు స్థలం లేదని తెలుసు. మూరెడు రాత బొటనవేలి గోరంత ప్లాస్టిక్ మీద పట్టదు. నేనడిగేది అది కాదు. స్థానానికి పేరు పెట్టడంతో సరిపెట్టకండి, ఆ స్థానంలో ఏ కాలికి ఏ కాలు కలుస్తుందో చెప్పండి. మూడు గడుల పట్టిక చాలు. గాడి వైపు: 2-3, 5-6. మధ్య: ఏదీ లేదు. ఎదురు వైపు: 2-1, 5-4. చెయ్యి వదిలితే వెనక్కి వచ్చే స్థానానికి ‘వదిలితే వెనక్కి’ అని మాటల్లోనే రాయండి. బ్రాకెట్లు ఉంచుకోండి, కానీ వాటినే నమ్ముకోకండి. స్విచ్చు మీద పట్టకపోతే సంచీ మీద, సంచీ మీద పట్టకపోతే లోపల చీటీ మీద. చాలా కేటలాగుల్లో ఈ పట్టిక ఎలాగూ ఉంది. మీరు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, అక్కణ్నుంచి సంచీ దాకా తీసుకురావాలంతే. అమ్మేవారికి మీరు పంపే జాబితాలో ‘స్ప్రింగు ఉంది, లేదు’ అనే గడిని వేరుగా పెట్టండి, అప్పుడు బ్రాకెట్ రాలిపోయినా సమాచారం రాలదు.

తాడు తెగిన మర్నాడు ఆ కుర్రాడు మా అరలోని టాగిల్ స్విచ్చులన్నీ బల్ల మీద పోసుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ నెట్టి చూశాడు, వదిలి చూశాడు, మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఆరు కాళ్లూ తాకించి చూశాడు. చిన్న చీటీ మీద పట్టిక రాసి స్విచ్చు నడుముకి టేపుతో చుట్టాడు. నలభై ఒక్క స్విచ్చులకి వాడికి మధ్యాహ్నమంతా పట్టింది. చేతిరాత వంకరగా ఉంటుంది గానీ వాడి లేబుల్ చూసి వైరు కట్టినవాళ్లకి ఇంతవరకు తప్పు రాలేదు. ఆ చీటీల్లో ఒకదాన్ని ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. మీ అచ్చుకి నమూనాగా వాడుకోవచ్చు.

ఇట్లు,
కంట్రోల్ ప్యానెళ్లు బాగుచేసుకుంటూ, ఆ పని నేర్పే ఒక పనివాడు